మోగ్లీ వేషం వేసింది మన పక్క పిల్లోడే, ఆ మాట రాయరా?

సంపాదకుల వారికి,

పోయిన నెల మీ ఆదివారం పేజీలో 1942 నాటి జంగిల్ బుక్ సినిమా గురించి వేశారు కదా, అది చదివినప్పటినుంచి రాయాల రాయాల అనుకుంటానే ఉన్నా, ఇంట్లో పెళ్లి పనులుండి ఇన్నాళ్లకు కుదిరింది. పాత సినిమాను గుర్తు చేసినందుకు సంతోషమే. కానీ సార్, అరపేజీ తీసుకుని టెక్నికలర్ అనే రంగుల పద్ధతి గురించి, ఆ సినిమాలోని రబ్బరు కొండచిలువ గురించి, సినిమా తీసిన కొర్డా అన్నదమ్ముల గురించి, నాలుగు ఆస్కార్ నామినేషన్ల గురించి అంతా రాసి, అడివిలో తోడేళ్ల మధ్య పెరిగే పిల్లోడు మోగ్లీగా వేషం వేసిన సాబును మాత్రం 'హాలీవుడ్ బాలనటుడు' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ సినిమా నాటికి అతనికి పద్దెనిమిదేళ్లు, బాలనటుడు ఎట్లవుతాడు? హాలీవుడ్‌లో పుట్టినోడూ కాదు. మైసూరు దగ్గర కారాపురంలో 1924లో పుట్టినాడు, వాళ్ల నాయన మైసూరు మహారాజు ఏనుగులకు మావటి. అనంతపురం నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చేరే ఊరు అది.

అసలు కథ 1937లో వచ్చిన అతని మొదటి సినిమా ఎలిఫెంట్ బాయ్‌తో మొదలైంది, దాని ఊసే లేదు మీ వ్యాసంలో. దర్శకుడు రాబర్ట్ ఫ్లాహర్టీ యూనిట్ మైసూరు వచ్చి పిల్లోడి కోసం వెతుకుతుంటే మహారాజా వారి ఏనుగుల శాలలో దొరికినాడు, అప్పటికే అమ్మానాన్న ఇద్దరూ లేరు. ఆ సినిమా ఈమధ్య మళ్లీ చూసినాను. బ్లాక్ అండ్ వైట్ బొమ్మ, సౌండు కూడా అంతంత మాత్రం, అయినా ఆ పిల్లోడు ఏనుగు ముందు నిలబడి తొండం మీద కాలు పెడతానే అది పైకెత్తడం, వాడు తలమీదికి పోయి చెవుల వెనక కూర్చోవడం చూడాల. ఇప్పటి మాదిరి గ్రాఫిక్స్ కాదు, పుట్టినప్పటినుంచి ఏనుగుల మధ్య పెరిగినోడికే వస్తాది ఆ ధీమా. ఏనుగును కడుగుతా తిడతాడు, బుజ్జగిస్తాడు, మన పల్లెల్లో ఎద్దులతో మాట్లాడినట్టే ఉంటాది. నటన నేర్చుకుని వచ్చినోడు కాదు కాబట్టే అంత బాగుంది అని నా అభిప్రాయం. వెనిస్‌లో ఆ సినిమాకు దర్శకత్వం అవార్డు కూడా వచ్చింది.

తర్వాత అన్న షేక్ దస్తగిర్‌తో కలిసి లండన్ పోయినాడు. దస్తగిరి అనే పేరున్నోళ్లు మన కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో వీధికొకరు ఉంటారు, ఆ ఒక్క ముక్క రాసుంటే ఎంతమంది మనోడే అని చదివేవాళ్లో. 1940లో థీఫ్ ఆఫ్ బాగ్దాద్, ఆ తర్వాత జంగిల్ బుక్, 1944లో అమెరికా పౌరసత్వం, యుద్ధంలో బాంబర్ విమానంలో గన్నర్‌గా పనిచేసి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ మెడల్ తెచ్చుకున్నాడు. హిందీ సినిమా మదర్ ఇండియాలో కొడుకు బిర్జూ వేషానికి దర్శకుడు మెహబూబ్ ఖాన్ మొదట అనుకున్నది ఇతన్నే, వర్క్ పర్మిట్ రాక ఆగిపోయిందంటారు. పుట్టిన దేశంలో ఒక్క సినిమా చేయడానికి కాగితం దొరకలేదంటే బాధగా ఉండదా సార్? 1963 డిసెంబర్‌లో గుండెపోటుతో పోయేటప్పటికి వయసు 39. ఇంత జీవితం ఉన్నోడికి మీ పేజీలో ఒక్క లైను, రబ్బరు పాముకేమో ఒక పేరా. పైగా వేసిన ఫోటో ఇతనిది కాదు, వేరే ఎవరో టార్జాన్ వేషం వేసిన తెల్లోడిది. ఇదివరకు మీ పేపర్లో ఇట్లాంటివి అచ్చయ్యే ముందు ఒకరు కూర్చుని సరిచూసేవాళ్లు. ఇప్పుడు నెట్‌లో దొరికింది దొరికినట్టు పెడతాన్నారని చదివేటోళ్లకు తెలిసిపోతాంది.

మిమ్మల్నే అనడం ఎందుకు, మన జిల్లాలోనే ఎవరికి పట్టింది. మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి, నాటక నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది కూడా తాడిపత్రే, ఈ మాట పదో తరగతి పిల్లోళ్లను అడిగితే తెల్లమొహం వేస్తారు. చెప్పేవాళ్లు ఉంటే కదా తెలిసేది. మా పేటలో గ్రంథాలయం ఉంది, దానికి ఇచ్చిన టీవీకి గుడ్డ కప్పి మూలన పెట్టినారు, అడిగితే సినిమాలేస్తే హక్కుల సమస్య వస్తాది అంటారు. మన చట్టం ప్రకారం సినిమాకు హక్కులు విడుదలైన తర్వాత 60 ఏళ్లే, 1937 సినిమాకు, 1942 సినిమాకు ఎప్పుడో తీరిపోయినాయి. ఖర్చు అంటారేమో, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు అని మా దగ్గర ప్రతి ఏడూ ముక్కుపిండి వసూలు చేస్తానే ఉన్నారు కదా. ఆ డబ్బు గ్రంథాలయాలకు ఎంత జమ అవుతాంది, ఎంత మున్సిపాలిటీల్లోనే ఆగిపోతాంది, అది మీ రిపోర్టర్లు ఊరూరా కనుక్కుని రాస్తే బాగుంటాది. వేసవి సెలవుల్లో పిల్లోళ్లు ఫోన్లు పట్టుకుని అరుగుల మీద కూర్చుంటాన్నారు, వాళ్లకు శనివారం సాయంత్రం ఆ గుడ్డ తీసి ఈ రెండు సినిమాలు వేస్తే ఏం పోతాది?

కాబట్టి నేను అడిగేది రెండే. సాబు గురించి సరిగ్గా, అతని ఫోటోతోనే, మళ్లీ ఒక వ్యాసం వేయండి. సెస్సు సంగతి అధికారులను అడిగి జవాబు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
అనంతపురం