ఆ నర్సమ్మకు కృతజ్ఞతలు

పక్షవాతంతో నాన్న మంచం పట్టినప్పుడు మందుల గురించి అందరూ చెప్పారు. ఒళ్లు పుండు పడకుండా చూసుకోవడం నేర్పింది మాత్రం రాత్రి డ్యూటీ నర్సమ్మే.

డిశ్చార్జి రోజు పొద్దున, డ్యూటీ దిగిపోయాక కూడా ఆగి, అమ్మను మంచం దగ్గరికి పిలిచారు. నాన్న నడుము కింద ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీశారు. "ఇలా నొక్కితే తెల్లబడాలమ్మా. ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే. అక్కడ నూనె పెట్టి రుద్దకండి" అన్నారు. (మా బంధువులందరూ సరిగ్గా నూనె పెట్టి రుద్దమనే చెప్పారు!)

రెండు గంటలకోసారి పక్క మార్చడం, వీపు వెనుక దిండుతో 30 డిగ్రీలు వాల్చడం, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం, అన్నీ అమ్మ చేతే చేయించారు. ఒంటిని ఈడ్చకుండా ఇద్దరు కలిసి ఎత్తి జరపాలన్నారు. గాలి పరుపు ఉన్నా తిప్పడం మానకూడదట.

అమ్మకు చదవడం రాదని గమనించి, అట్టముక్క మీద గడియారం గీసి, ఏ వేళకు ఎటు తిప్పాలో బాణాలు వేసి ఇచ్చారు. ఎవరు చేస్తారండీ అంత ఓపికగా!

నాన్న ఇప్పుడు పట్టుకుంటే కూర్చుంటున్నారు. ఒంటి మీద ఒక్క పుండు లేదు. మీకు మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు, తల్లీ.