ఏ పేపరు ఎక్కడుందో పిల్లలకు కనపడనివ్వండి: ఉన్నత విద్యా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉన్నత విద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను విజయనగరం జిల్లా బొబ్బిలిలో నెట్ సెంటరు నడుపుతున్నాను. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు మా పని. ఓపెన్ ఎలెక్టివ్‌ల గురించి, అంటే పిల్లలు వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఎంచుకునే పేపర్ల గురించి, ఇప్పటికి నాలుగు అర్జీలు పెట్టాను. రెండు మెయిల్‌లో పంపాను, ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో వేశాను, ఒకటి సోమవారం నాడు వరసలో నిలబడి స్వయంగా ఇచ్చాను. మెయిళ్లకు జవాబు లేదు. పోస్టుకు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మాత్రం తిరిగొచ్చింది. చేతికిచ్చిన అర్జీకి ఇరవై రోజుల తర్వాత ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఆ సాయంత్రమే మా పిల్లలు చదివే యూనివర్సిటీ వెబ్‌సైట్ తెరిచి చూశాను. ఏమీ మారలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

వేరే డిపార్ట్‌మెంట్ పేపరు కూడా తీసుకోవచ్చని పిల్లలకు అవకాశం ఇచ్చారు. చాలా మంచి పని చేశారు. మా రోజుల్లో అది ఊహకు కూడా అందేది కాదు. కానీ ఆ పేపరు ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉందో వెతుక్కునే దారి చూపించలేదు సార్. నా బాధంతా అదే.

రామభద్రపురం దగ్గర పల్లె నుంచి ఒక అమ్మాయి మా షాపుకు వస్తుంది. ఎమ్మెస్సీ బోటనీ చదువుతోంది. వాళ్ల నాన్న వంకాయ, బెండ పండించి రామభద్రపురం మార్కెట్‌కు తెస్తాడు. చేనుకు తెగులు వస్తే ఉపగ్రహం తీసిన ఫొటోలో ముందే కనిపెట్టవచ్చని ఆ పిల్ల ఎక్కడో విన్నది. అది నేర్పే రిమోట్ సెన్సింగ్ పేపరు తీసుకోవాలని ఆశపడింది. గడువుకు రెండు రోజుల ముందు మధ్యాహ్నం వచ్చి కూర్చుంది.

ఆ వెబ్‌సైట్‌లో ఏదైనా వెతకాలంటే ముందు ఫ్యాకల్టీ ఎంచుకోవాలి. తర్వాత డిపార్ట్‌మెంట్, తర్వాత ప్రోగ్రామ్, తర్వాత సెమిస్టర్. ఈ నాలుగూ నింపితేనే వెతికే బటన్ పనిచేస్తుంది. అన్ని డిపార్ట్‌మెంట్లలో ఒక్కసారిగా వెతకడానికి వీల్లేదు. ఆ పిల్ల వెంట ఒక నోటుబుక్కు తెచ్చుకుంది. స్కేలు పెట్టి గీతలు గీసి, ఎడమ పక్కన డిపార్ట్‌మెంట్ల పేర్లన్నీ వరసగా రాసుకుంది. ఒక్కొక్కటి తెరవడం, పేరు కొట్టడం, ‘నో రికార్డ్స్ ఫౌండ్’ అని రాగానే ఇంటూ పెట్టడం. పావుగంటకోసారి లాగిన్ ఎగిరిపోయేది. మళ్లీ ఎక్కాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ నాన్న ఫోనుకు వెళుతుంది. నాన్న మార్కెట్‌లో బేరాల గోలలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా అంకెలు చెప్పేలోపు టైమైపోయేది. ఆ రోజు మూడుసార్లు అలాగే జరిగింది. చీకటి పడేసరికి నోటుబుక్కులో పద్నాలుగు ఇంటూలు ఉన్నాయి. బస్సుకు టైమవుతోందని లేచి, “లేదేమో బాబాయ్” అని తలొంచుకుని వెళ్లిపోయింది. మర్నాడు తనకు ఇష్టం లేని వేరే పేపరు ఏదో తీసుకుంది.

ఉంది సార్. ఒకచోట కాదు, రెండు చోట్ల ఉంది. గడువు దాటాక నేను రాత్రిపూట కూర్చుని ఒక్కొక్క సిలబస్ పీడీఎఫ్ దించుకుని చదివాను. జాగ్రఫీలో ‘జియోఇన్ఫర్మేటిక్స్ పరిచయం’ అనే పేపరులో రెండు యూనిట్లు పూర్తిగా రిమోట్ సెన్సింగే. జియాలజీలో మరో పేరుతో ఇంకో పేపరు ఉంది. వెతికే పెట్టె పేపరు పేరును మాత్రమే చూస్తుంది, లోపల పాఠాల్లో ఏముందో చూడదు. కాబట్టి ఆ పిల్ల సరైన మాటే కొట్టినా దొరకలేదు. మూడో రోజు వాళ్ల నాన్న జిరాక్స్‌కు వచ్చినప్పుడు ఆ మాట చెప్పాను. “ఏటి బాబూ, ఉన్నదాన్ని నేదని చూపిత్తాదా కంపూటరు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి, ఆయనకు చేరవేస్తాను.

ఇది ఒక్క పేపరు సంగతి కాదు. స్టాటిస్టిక్స్ చూడండి. జువాలజీ పిల్లలకు బయోస్టాటిస్టిక్స్, ఎకనామిక్స్‌లో స్టాటిస్టికల్ మెథడ్స్, సైకాలజీలో ఇంకో పేరు, కామర్స్‌లో ఇంకో పేరు. సగానికి పైగా పాఠాలు ఒకటే. ఏ పేపరు ఎవరు తీసుకోవచ్చు, ఎన్ని క్రెడిట్లు, ఏ రోజు ఏ గంటకు క్లాసు, ముందు ఏం చదివి ఉండాలి అన్నది ఒక్కచోట ఉండదు. సిలబస్ ఒక పీడీఎఫ్, టైంటేబుల్ ఇంకో పీడీఎఫ్, సీట్ల సంఖ్య నోటీసు బోర్డు మీద కాగితం. పోయిన ఏడాది తెర్లాం నుంచి వచ్చిన అబ్బాయి ఇష్టపడి ఒక పేపరు పట్టుకుంటే, అది తన మెయిన్ ప్రాక్టికల్ రోజునే పడింది. ఫీజు కట్టాక తెలిసింది. మార్చడానికి మూడుసార్లు తిరిగాడు, ప్రతిసారీ రానూపోనూ ఛార్జీలు, ఒక రోజు పని పోవడం.

ఇంకో మాట. డీటీపీ చేసేవాడిని కాబట్టి ఇది నాకు బాగా తెలుసు. ఆ సిలబస్‌లలో సగం కాగితం మీద ప్రింటు తీసి, సంతకం పెట్టించి, మళ్లీ స్కాన్ చేసి ఎక్కించినవి. అవి ఉత్త బొమ్మలు. కంట్రోల్ ఎఫ్ నొక్కితే ఒక్క అక్షరం కూడా దొరకదు. తెలుగు, చరిత్ర డిపార్ట్‌మెంట్ల సిలబస్‌లు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టినవి. కంటికి తెలుగే, కానీ లోపల కంప్యూటరుకు కనపడేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. ‘శాసనాలు’ అని వెతికితే రాదు. ఏ కంప్యూటరైనా, ఫోనైనా తెలుగు అక్షరాన్ని తెలుగుగానే గుర్తించే పద్ధతి యూనికోడ్. అందులో తెలుగు 1991 నుంచి ఉంది సార్. పల్లెటూరి పిల్లలు ఫోనులో తెలుగు కొట్టుకుంటున్నారు, యూనివర్సిటీ సిలబస్ మాత్రం ఇంకా పాత ఫాంట్‌లోనే ఉంది.

మా షాపులో రోజుకు పదిమందికి రైలు టికెట్లు చూస్తాను. విజయనగరం, విజయవాడ అని రెండు పేర్లు, తేదీ కొడితే చాలు. ఏ రైలు ఎన్నింటికి, ఏ క్లాసులో ఎన్ని సీట్లు, వెయిటింగ్ ఎంత అన్నీ ఒకే పేజీలో వస్తాయి. ‘మీ రైలు ఏ జోన్‌ది, ఏ డివిజన్‌ది, ముందు అది చెప్పండి’ అని ఎవరూ అడగరు. ప్రయాణికుడికి ఊరు తెలుసు, డివిజన్ ఎందుకు? చదువుకునే పిల్లకూ అంతే. తనకు ఏం నేర్చుకోవాలో తెలుసు. అది ఏ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తుందో చెప్పాల్సింది యూనివర్సిటీ.

పోనీ ఇది చేయలేని పనా అంటే కాదు. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ కోర్సుల కోసం పెట్టిన ‘స్వయం’ అనే పోర్టల్ 2017లో మొదలైంది. దేశంలోని ఎన్నో సంస్థల కోర్సులు ఒకే పెట్టెలో వెతకొచ్చు. వారాలు, క్రెడిట్లు, పరీక్ష తేదీ పక్కనే ఉంటాయి. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ప్రోగ్రామ్ కోర్సుల్లో 40 శాతం దాకా ఆ ‘స్వయం’ పోర్టల్‌లో చేసుకోవచ్చు. దేశమంతటి కోర్సులు మా బొబ్బిలిలో కూర్చుని అయిదు నిమిషాల్లో వెతుకుతున్నాం. పిల్ల రోజూ బస్సెక్కి వెళ్లే క్యాంపస్‌లో, పక్క బిల్డింగ్‌లో ఏం చెబుతున్నారో తెలుసుకోలేకపోతున్నాం.

దీనివల్ల నష్టపోయేది ఎవరో మీకు చెప్పాలి. లెక్చరర్ల పిల్లలకు ఇబ్బంది లేదు. హాస్టల్లో సీనియర్లు తెలిసినవాళ్లకు ఇబ్బంది లేదు. ‘ఫలానా డిపార్ట్‌మెంట్‌లో ఫలానా పేపరు, త్వరగా పెట్టుకో’ అని వాళ్లకు ఫోన్ వస్తుంది. ఇంట్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన పిల్లకు ఎవరు ఫోన్ చేస్తారు? ఆమెకు ఆ వెబ్‌సైటే దిక్కు. అది లేదంటే లేదనే నమ్ముతుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టింది మన శ్రీకాకుళం గడ్డ మీద, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుతున్నారు. చదువు జనానికి అర్థమయ్యే మాటల్లో ఉండాలని ఆయన జీవితమంతా కొట్లాడారు, ఈ ప్రాంతపు గిరిజనులైన సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆయన పేరు చెప్పుకునే ఈ ప్రాంతంలో ఒక పేపరులో ఏం చెబుతారో రెండు వాక్యాల తెలుగులో రాసి పెట్టమని అడగడం గొంతెమ్మ కోరికా సార్?

నేను అడిగేది పెద్ద సాఫ్ట్‌వేర్ కాదు. కోట్ల టెండర్లు అక్కర్లేదు. ప్రతి డిపార్ట్‌మెంట్ నుంచి ఒకే తీరున ఒక పట్టిక తెప్పించండి. పేపరు పేరు, కోడ్, యూనిట్లలో ఏముంది, క్రెడిట్లు, రోజు, గంట, సీట్లు, ఎవరు తీసుకోవచ్చు. అన్నీ కలిపి ఒక్క చోట పెట్టించండి. పైన ఒకే ఒక్క పెట్టె. తెలుగులో కొట్టినా ఇంగ్లీషులో కొట్టినా రావాలి. పేపరు పేరులో లేకపోయినా పాఠంలో ఉంటే రావాలి. లాగిన్ వద్దు, ఓటీపీ వద్దు. చూసుకోవడానికి కూడా ఓటీపీ ఎందుకండీ? మనుషులు తక్కువ ఉన్నారంటే మా షాపులో నేనూ మా తమ్ముడూ కూర్చుని ఆ స్కాన్ కాగితాలన్నీ యూనికోడ్‌లో కొట్టి ఇస్తాం. పైసా వద్దు. ఈ మాట రెండో అర్జీలో కూడా రాశాను.

దయచేసి మళ్లీ ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ పంపించకండి. మీరో, మీ అధికారి ఒకరో ఫోనులో ఆ వెబ్‌సైట్ తెరిచి రిమోట్ సెన్సింగ్ అని ఒక్కసారి వెతికి చూడండి. వచ్చే సెమిస్టర్ ఎలెక్టివ్‌ల నమోదు మొదలయ్యేలోపు ఆ ఒక్క పెట్టె పెట్టించండి. ఆ అమ్మాయికి ఇంకో ఓపెన్ ఎలెక్టివ్ తీసుకునే అవకాశం మిగిలి ఉంది. అదే ఆఖరుది. ఆ నోటుబుక్కు మా షాపులో మర్చిపోయి వెళ్లింది, టేబుల్ సొరుగులో దాచి ఉంచాను.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా