2024–25 వార్షిక నివేదిక: భోగి టిఫిన్, ఇతర కార్యక్రమాలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన కాలనీ సంఘం నియమావళిలో ఉంది. డ్రెయిన్లు, దీపాల దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసల్లో కునుకుపాట్లు మొదలవుతాయని అందరికీ తెలుసు కాబట్టి ఈసారి వాటిని ముందే ముగించేస్తాను. రెండో వీధి డ్రెయిన్ పూడిక తీయించాం. పార్కు గేటు బాగుచేయించాం. కాలిపోయిన వీధి దీపాల గురించి పెట్టిన అర్జీలకు రసీదులు వచ్చాయి, దీపాలు ఇంకా రావాలి. ఆగస్టు 15న జెండా వందనం, వినాయక చవితికి మట్టి విగ్రహం, మార్చి 30న విశ్వావసు నామ సంవత్సర ఉగాదికి పంచాంగ శ్రవణం, పచ్చడి పంపకం ఎప్పటిలాగే జరిగాయి. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందన్న ఫిర్యాదు కూడా ఎప్పటిలాగే వచ్చింది.

సెప్టెంబరు సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు ఇళ్ళు నీళ్ళలో ఉండిపోయినప్పుడు, చవితి పందిరి ఖర్చు తగ్గించి ఆ డబ్బుతో పులిహోర పొట్లాలు పంపుదామని కమిటీ నిర్ణయించింది. రాజమహేంద్రవరం నుంచి నూట యాభై కిలోమీటర్లు పైనే ప్రయాణం. పప్పన్నమో పెరుగన్నమో అయితే దారిలోనే పాడవుతుంది. చింతపండు పులుపు, నూనె పట్టిన అన్నం నిలుస్తుంది కాబట్టి పులిహోర. ఆ రాత్రి కమ్యూనిటీ హాలు వెనక చింతపండు పిసికిన వాళ్ళు, అన్నం ఆరబెట్టిన వాళ్ళు, పొట్లాలు కట్టిన వాళ్ళు అంతా మన వాళ్ళే, బయటి వంటవాడు ఒక్కడూ లేడు. పందిరి చిన్నదైందని గొణిగిన వారు కొందరున్నారు. వారికి చెప్పేదేమిటంటే, భోగి టిఫిన్ ఆలోచన ఆ రాత్రే పుట్టింది.

భోగి టిఫిన్ (13 జనవరి 2025)

మన కాలనీలో భోగి అంటే మంట వరకే. తెల్లవారుజామున పిల్లలు పిడకల దండలు తెచ్చి వేయడం, పెద్దవాళ్ళు చలి కాచుకోవడం, ఆ మంట మీద కాగిన నీళ్ళతో తలస్నానానికి ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోవడం. ఆ తర్వాత ఇంట్లో ఆడవాళ్ళకు వంటింట్లో పని మొదలవుతుంది. వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు, పాలు, పేపరు వేసే కుర్రాళ్ళకు, వాచ్‌మన్‌లకు ఆ రోజు కూడా పని ఉంటుంది, పండగ టిఫిన్ మాత్రం ఉండదు. అందుకని మంట దగ్గరే అందరికీ టిఫిన్ వండుదామని, మొదటి పంక్తిలో వీళ్ళను కూర్చోబెడదామని డిసెంబరు సమావేశంలో తీర్మానించాం.

అదే సమావేశంలో "తలకి ఇంత అని క్యాటరింగ్‌కి ఇచ్చేస్తే పోతుంది కదా" అన్న మాట కూడా వచ్చింది. "డబ్బులిచ్చి తినిపించడానికైతే సంఘం దేనికి, హోటళ్ళున్నాయి" అని ఉపాధ్యక్షుల వారు అనడంతో ఆ చర్చ అక్కడితో ఆగింది. మెనూ మీద చర్చ మాత్రం ఆగలేదు. ఉప్మా అన్నవారిని అందరూ కలిసి ఓడించారు. మైసూర్ బజ్జీకి రెండు ఓట్లే వచ్చాయి. చివరికి ఇడ్లీ, గారెలు, కట్టెపొంగలి, సాంబారు, అల్లం పచ్చడి, కొబ్బరి పచ్చడి ఖాయమయ్యాయి. ఉల్లిపాయ తినని వారి కోసం చిన్న గిన్నెలో విడిగా సాంబారు.

ఆరువందల మందికి లెక్క వేశాం. ఇడ్లీకి 12 కిలోల మినప్పప్పు, దానికి రెట్టింపు రవ్వ. గారెలకు విడిగా 22 కిలోల మినప్పప్పు. పొంగలికి 25 కిలోల బియ్యం, దాన్లో సగం పెసరపప్పు, 5 కిలోల నెయ్యి. జీడిపప్పు కోనసీమ నుంచి, మోరి జీడిపప్పే కావాలని పట్టుబట్టి తెప్పించిన సభ్యుడు దాని ఖర్చు కూడా తానే పెట్టుకున్నారు. ప్లాస్టిక్ ప్లేట్లు, థర్మాకోల్ గిన్నెలు 2022 జూలై నుంచి నిషేధంలో ఉన్నాయి. ఎలాగూ మనకు రంపచోడవరం ఏజెన్సీ దగ్గరే కాబట్టి అడ్డాకు విస్తళ్ళు తెప్పించాం. మర్నాడు ఊడ్చి కంపోస్టు గుంటలో వేస్తే సరిపోయింది.

ఇడ్లీ పిండి దగ్గరే అసలు టెన్షన్. ఎండాకాలంలో అయితే రాత్రి రుబ్బితే తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది. సంక్రాంతి చలిలో పిండి అలా త్వరగా పులవదు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నానికే రుబ్బడం పూర్తిచేసి, గుండిగలకు గోనెసంచులు చుట్టి, హాల్లో గాలి తగలని మూల పెట్టాం. గారెల పిండి దీనికి పూర్తిగా ఎదురు. అది ముందు రుబ్బి ఉంచితే పులిసి, పలుచబడి, నూనె తాగేస్తుంది. అందుకని దాన్ని తెల్లవారుజామున మూడింటికి గ్రైండర్‌లో వేశాం. మూడు గ్రైండర్లు ఒకేసారి ఆన్ చేయగానే హాలు ఫ్యూజు ఎగిరిపోయింది. మన ఎలక్ట్రీషియన్ సభ్యుడు లుంగీ మీదే పరుగెత్తుకొచ్చి, పక్కింటి మీటరు నుంచి వైరు లాగి రెండు గ్రైండర్లను అటు మార్చారు. ఆ పక్కింటి వారు కరెంటు బిల్లు అడగలేదు. వారికి సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

పొంగలి, సాంబారు ఖాళీ స్థలంలో గాడిపొయ్యి తవ్వి సరుగుడు కట్టెల మీద వండాం. గారెలకు మంట ఒకే తీరున ఉండాలి కాబట్టి గ్యాస్ పొయ్యిలు. ఇళ్ళ నుంచి సిలిండర్లు తెస్తామని చాలామంది మంచి మనసుతో అన్నారు గాని, ఇంటి వాడకానికిచ్చే 14.2 కిలోల సిలిండర్ అలా బయట వాడకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు అద్దె పొయ్యిలతో పాటు తెప్పించాం. ఇసుక బకెట్లు, తడి గోనెలు పక్కనే పెట్టించిన రిటైర్డ్ ఫైర్‌మన్ గారిని చూసి మొదట నవ్విన వాళ్ళే, ఒక మూకుట్లో నూనె పొంగి అంచు దాటినప్పుడు ఆయన వైపే పరుగెత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆడవాళ్ళకు ఆ ఒక్క పూట వంటింటి నుంచి సెలవివ్వాలన్నది కూడా తీర్మానంలో ఉంది. మగవాళ్ళే వండాలి. ఇడ్లీలు, పొంగలి వరకు ఆ తీర్మానం నిలబడింది. గారెల దగ్గర కూలిపోయింది. తడి చేతి మీద పిండి తట్టి, చిల్లు పెట్టి, వేళ్ళు కాలకుండా నూనెలోకి జార్చడం మీటింగులో చెప్పినంత తేలిక కాదు. మొదటి వాయిలో వచ్చినవి గారెలో పునుగులో తేల్చుకోలేకపోయాం. భోగి మంట దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న మూడో వీధి పిన్నిగారు కొంగు బిగించి వచ్చేశారు, ఆవిడ వెనకే మరో ఆరుగురు. మూడు మూకుళ్ళ మీద వాయి వెంట వాయి తీసి, ఏడున్నరకల్లా బుట్టలు నింపేశారు. మగవాళ్ళు చిల్లుల గరిటెలు పట్టుకుని నూనె వార్చే పనికి దిగిపోయారు. వచ్చే ఏడు తీర్మానం ఎలా రాయాలో మహిళా విభాగం వారే చెప్పాలి.

మొదటి పంక్తి ఆరున్నరకే కూర్చుంది. మొదటి బుట్ట గారెలు, వేడి ఇడ్లీలు వాళ్ళకే. పారిశుద్ధ్య కార్మికులు మొదట కూర్చోవడానికి మొహమాటపడ్డారు, పొట్లం కట్టి ఇస్తే పట్టుకుపోతామన్నారు. అధ్యక్షులు తానే బకెట్ పట్టుకుని వడ్డనకు దిగాక కూర్చున్నారు. పొంగలి చల్లారే కొద్దీ గట్టిపడుతుంది కాబట్టి మరిగిన నీళ్ళు పక్కనే ఉంచుకుని, పంక్తి పంక్తికీ కాస్త పోసి, నెయ్యి వేసి కలుపుతూ వచ్చాం. మూడో పంక్తి వాళ్ళు కూడా వేడిగా తిన్నారంటే కారణం అదే. విస్తళ్ళ లెక్క ప్రకారం 620 మంది తిన్నారు. అల్లం పచ్చడి ఎనిమిదింటికే అయిపోయింది. తక్కిన వాటిలో మిగిలింది ఒక గిన్నెడు సాంబారు, అదీ ఉల్లిపాయ లేనిది.

మన సంఘం చరిత్రలో ఇంత మంచి పని మరొకటి జరగలేదని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే సమావేశం తర్వాత మాట్లాడుకుందాం.

రాని వారి గురించి

స్వచ్ఛంద సేవకుల వాట్సాప్ గ్రూపులో 48 మంది చేరారు. ప్రతి మెసేజ్‌కీ బొటనవేళ్ళు, దండాలు, పూలు కుప్పలుగా వచ్చాయి. తెల్లవారుజామున మూడింటికి హాలు దగ్గర ఉన్నది పదిహేడు మంది. ముందురోజు ఆదివారం, ఆఫీసు అన్న వంక కూడా లేదు. సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో కొందరు మగవాళ్ళు ఏ బరి దగ్గర తేలతారో మనందరికీ తెలుసు, నేను విడిగా చెప్పక్కర్లేదు. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి. పేరు ఇచ్చి వెళ్ళకండి. మీరు వస్తారని లెక్కపెట్టుకున్న పని మరొకరి నెత్తిన పడుతోంది. ఆ రోజు గిన్నెలు తోమినది డిగ్రీ చదువుతున్న నలుగురు పిల్లలు, వాళ్ళ పేర్లు గ్రూపులోనే లేవు.

నీళ్ళ ట్యాంకర్ సంగతి. పది రోజుల ముందే అర్జీ ఇచ్చాం, పంపిస్తామన్నారు, ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే పంపిస్తున్నామన్నారు, పండగ రోజు ఉదయం ఫోన్ ఎత్తలేదు. ట్యాంకర్ కనుమ నాడు వచ్చింది. అప్పటికి మనకు మొక్కలు తడపడానికి పనికొచ్చింది. టిఫిన్ రోజు గట్టెక్కించింది నాలుగో వీధి వారి బోరు, 20 లీటర్ల మంచినీళ్ళ టిన్నులు.

కృతజ్ఞతలు

బియ్యం, పప్పులు ఇచ్చిన దాతలకు, షామియానా సగం అద్దెకే వేసిన సప్లయర్స్ వారికి, కడియపులంక నుంచి బంతిపూలు తెచ్చి పందిరి కట్టిన యువజన విభాగానికి, గ్రైండర్లు అరువిచ్చిన టిఫిన్ సెంటర్ యజమానికి, పొయ్యి తవ్వి మళ్ళీ పూడ్చిన వాచ్‌మన్ దంపతులకు, తెల్లవార్లూ టీ అందించిన అమ్మగారికి మనఃపూర్వక కృతజ్ఞతలు. పూర్తి జాబితా నోటీసు బోర్డు మీద అతికించాం. ఇక్కడ చదివితే ఒక పేరు తప్పిపోయినా ఏడాది పొడవునా వినాలి. బోర్డు మీదైతే మీరే పెన్నుతో రాసుకోవచ్చు.

జమాఖర్చులు

భోగి టిఫిన్‌కు వచ్చిన చందాలు 64,500 రూపాయలు, ఖర్చు 61,280, మిగులు 3,220. మిగతా పద్దులు ఆడిటర్ సంతకంతో చివరి పేజీలో ఉన్నాయి, కోశాధికారి గారు బిల్లులన్నీ తెచ్చారు, సందేహాలుంటే వారిని అడగండి. సభ్యత్వ రుసుము బకాయిలు ఎవరివి ఎంతో కూడా అదే పేజీలో ఉంది.

సభ ముందు ఉంచుతున్న ప్రతిపాదనలు

మిగిలిన 3,220కి కొంత కలిపి మనకంటూ రెండు పెద్ద మూకుళ్ళు, ఒక గుండిగ కొనాలని కమిటీ కోరుతోంది, అద్దె భారం తగ్గుతుంది. హాలుకు త్రీఫేజ్ కనెక్షన్ కోసం అర్జీ పెట్టడానికి అనుమతి కావాలి. వచ్చే భోగికి సేవకుల పేర్లు వాట్సాప్‌లో కాకుండా రిజిస్టర్‌లో, ఏ పని, ఏ గంటకు అన్నది పక్కన రాసి, సంతకంతో తీసుకుంటాం. ఆ రిజిస్టర్ ఈ సమావేశం అయ్యే వరకు గుమ్మం పక్క బల్ల మీద ఉంటుంది. గారెల పేజీలో ఇప్పటికే ఏడుగురి సంతకాలు ఉన్నాయి, గిన్నెలు తోమే పేజీ ఖాళీగా ఉంది.

ఇట్లు,
కార్యదర్శి