రెండు పంటల మధ్య కట్టేసిన కాలువ

కార్క్,
23 నవంబరు 2025.

చిరంజీవి చిన్నబాబుకు నాన్న ఆశీస్సులు.

కౌంటీ అండర్-20 హర్లింగ్ బృందానికి నిన్ను పిలిచారని నువ్వు ఫోన్ చేసిన రాత్రి నేను చెప్పవలసిన మాటలేవీ చెప్పలేకపోయాను. ఒక పక్క అమ్మ ఏడుస్తున్నది, మరో పక్క నీ చెల్లెలు నీ పాత జెర్సీ వెతకడానికి అటక ఎక్కింది. మరునాడు భీమవరంలో నాయనమ్మకు చెబితే ఆమె అడిగిన మొదటి ప్రశ్న జీతం ఎంత అని. హర్లింగ్ అంటే కర్రతో బంతిని కొట్టే ఐర్లండ్ వాళ్ళ ఆట అనీ, కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనీ, ఈ ఆటలో ఎంత గొప్పవాడికైనా జీతం ఉండదనీ, డబ్లిన్‌లో ఎనభై రెండు వేల మంది పట్టే క్రోక్ పార్క్ మైదానంలో ఆదివారం ఫైనల్ ఆడినవాడు కూడా ఆ వారంలోనే బ్యాంకులోనో మరొకచోటో తన పనికి వెళ్ళవలసిందేననీ వివరించాను. "అయితే వాడి కాలం ఎవరి చేతిలో ఉంటుందిరా?" అని ఆమె మళ్ళీ అడిగింది. ఈ ఉత్తరం ఆ ప్రశ్న గురించే.

జనవరి నుంచి నీ కాలం మీద ఎందరికి హక్కు ఉంటుందో ఒకసారి లెక్క వేసి చూడు. లిమరిక్‌లో మీ విశ్వవిద్యాలయం జట్టు జనవరి, ఫిబ్రవరి నెలల్లో విశ్వవిద్యాలయాల మధ్య జరిగే ఫిట్జ్‌గిబ్బన్ కప్ ఆడుతుంది. కౌంటీ అండర్-20 వాళ్ళకు శీతకాలమంతా సాధన, వసంతంలో మన్‌స్టర్ ప్రాంతపు కౌంటీల పోటీలు. అదే వసంతంలో మన ఊరి క్లబ్‌కు లీగ్ మ్యాచ్‌లు ఉంటాయి, మే నెలలో నీకు పరీక్షలు ఉంటాయి. ఆగస్టు నుంచి క్లబ్ ఛాంపియన్‌షిప్. ఈ మేనేజర్లలో ఎవరూ చెడ్డవారు కారు. ప్రతి ఒక్కరూ వారానికి రెండు మూడు సాయంత్రాలు మాత్రమే అడుగుతారు. అయితే ఆ అడిగినవన్నీ కలిపి చూసే మనిషి ఎక్కడా లేడు.

ఈ చిక్కు కొత్తది కాదని నీకు తెలియాలి. మేము 2008లో ఇక్కడికి వచ్చినప్పుడు హర్లింగ్ ఫైనల్ సెప్టెంబరు మొదటి ఆదివారం జరిగేది, గేలిక్ ఫుట్‌బాల్ ఫైనల్ ఆ నెల మూడో ఆదివారం జరిగేది. కౌంటీ జట్టు గెలుస్తూ పోయినంత కాలం ఆ కౌంటీలోని క్లబ్ పోటీలు వాయిదా పడుతూ ఉండేవి. మన వీధి చివర ఉండే వడ్రంగి ఆయన క్లబ్‌కు గోల్‌కీపర్. వేసవిలో పిల్లలను సముద్రానికి తీసుకువెళ్ళడానికి కూడా తేదీ చెప్పలేక, రేపో మాపో మ్యాచ్ పెడతారని రెండు నెలలు ఎదురుచూసి, చివరికి అక్టోబరు బురదలో ఆడేవాడు. కౌంటీకి ఆడేవాళ్ళు గుప్పెడు మంది. వాళ్ళ కోసం ఆగిపోయేవాళ్ళు వేలమంది. ఆ కోపంలోంచే 2017లో క్లబ్ ఆటగాళ్ళ సంఘం పుట్టింది. మరుసటి సంవత్సరం ఏప్రిల్ నెలను క్లబ్‌ల కోసం విడిచిపెట్టినా, చాలామంది కౌంటీ మేనేజర్లు తమ ఆటగాళ్ళను మనస్ఫూర్తిగా వదిలిపెట్టలేదు. ఎన్ని సమావేశాలు జరిగినా తేలని విషయాన్ని చివరికి కోవిడ్ తేల్చింది: 2020లో ముందు క్లబ్ పోటీలు, ఆ తరువాత చలికాలంలో కౌంటీ పోటీలు జరపవలసి వచ్చినప్పుడు, సంవత్సరాన్ని రెండు ముక్కలు చేయవచ్చని అందరూ కళ్ళారా చూశారు. ఈ ఆటలను నడిపే గేలిక్ అథ్లెటిక్ సంఘం 2021 మహాసభలో ఆ పద్ధతికి ఆమోదం లభించింది. 2022 నుంచి జూలై చివరికల్లా కౌంటీ ఫైనళ్ళు ముగిసిపోతున్నాయి, ఆ తరువాతి కాలమంతా క్లబ్‌లది.

సెప్టెంబరులో క్రోక్ పార్క్ బోసిపోతున్నదనీ, పత్రికల్లో ఆ చోటును రగ్బీ, సాకర్ ఆక్రమించుకుంటున్నాయనీ బాధపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ మాటలో కొంత నిజం లేకపోలేదు, కానీ నేను ఆ పక్షం కాదు. మొన్న జూలై 20న టిపరరీతో జరిగిన ఫైనల్లో మన కార్క్ మొదటి సగంలో ఆరు పాయింట్ల ఆధిక్యం సంపాదించి, రెండో సగమంతా కలిపి రెండే పాయింట్లు చేసి ఓడిపోయినప్పుడు, మన ఇంట్లో ఆ రోజు ఎవరూ సరిగా అన్నం తినలేదు. అయినా ఆ ఆటగాళ్ళే ఆగస్టులో తమ తమ ఊళ్ళ మైదానాల్లో, చిన్నప్పటి నుంచి తమను ఎరిగినవాళ్ళ మధ్య మళ్ళీ హర్లీ కర్ర పట్టుకున్నారు. ఓడిపోయినవాడికి అంతకంటే మంచి చోటు మరొకటి ఉంటుందని నేను అనుకోను.

అయితే ఈ రెండు ముక్కల సంవత్సరంలో ఒక లోపం ఉన్నది. మా నాన్నగారు సార్వా, దాళ్వా రెండు పంటలూ పండించేవారు. దాళ్వా కోతలు అయిన తరువాత వేసవిలో గోదావరి కాలువలు కట్టేసేవారు; పూడిక తీయడం, గట్లు బాగుచేయడం అప్పుడే. పొలంలో జీలుగో జనుమో చల్లి, ఎదిగాక అక్కడికక్కడే దున్నేసేవారు. చిన్నతనంలో నాకు ఆ కాలం అంటే విసుగు, ఈదడానికి నీళ్ళుండేవి కావు. నీళ్ళు ఆపకపోతే కాలువా పాడవుతుంది, చేనూ చవుడు బారుతుంది అని నాన్నగారు చెబితే అప్పట్లో నా తలకు ఎక్కలేదు. సంవత్సరాన్ని విభజించిన ఈ పెద్దమనుషులు సార్వా ఏదో దాళ్వా ఏదో చక్కగా తేల్చారు గానీ, నీలాంటివాడి కాలువ ఎప్పుడు కట్టేయాలో ఎక్కడా రాయలేదు. ఒక్క జట్టుకే ఆడేవాడికి ఈ పద్ధతి విశ్రాంతిని ఇచ్చింది. మూడు జట్లకు ఆడే పంతొమ్మిదేళ్ళవాడికి మాత్రం ఒక పంట కోసిన చేతులతోనే మరో పంటకు నారు పోసుకునే పరిస్థితి తెచ్చింది. మన ఊరి క్లబ్ ఎప్పుడైనా కౌంటీ కప్పు గెలిచి, మన్‌స్టర్ కూడా దాటితే, అఖిల ఐర్లండ్ క్లబ్ ఫైనల్ జనవరిలో ఉంటుంది. అప్పటికి మళ్ళీ ఫిట్జ్‌గిబ్బన్ మొదలవుతుంది.

ఇక్కడ ఆర్థిక సామాజిక పరిశోధన సంస్థ 2018లో ఒక నివేదిక వెలువరించింది. 2016లో ఆడిన సీనియర్ కౌంటీ ఆటగాళ్ళను అడిగి చూస్తే, ఆటకూ దాని చుట్టూ ఉన్న పనులకూ వారానికి 31 గంటల వరకు పోతున్నాయని తేలింది. నీది ఇంకా అండర్-20 మాత్రమే. అయినా లిమరిక్ నుంచి కార్క్‌కు నూరు కిలోమీటర్లు, తిరిగి వెళ్ళడానికి మరో నూరు. సాధన గంటన్నరే అని నువ్వు చెబుతావు. కారు నడిపిన గంటలను కూడా కలపమని నేను అంటాను.

ఈ విషయంలో నా తప్పు ఒకటి ఉన్నది, దానిని నీ ముందు ఇంతవరకు ఒప్పుకోలేదు. రెండేళ్ళ క్రితం నీ తొడ వెనుక కండరం పట్టేసి ఉన్నప్పుడు, అప్పటి మేనేజర్ ఒకాయన రాత్రి పది గంటలకు ఫోన్ చేసి, రేపటి మ్యాచ్‌కు మనుషులు చాలడం లేదు, అబ్బాయి ఒక్క అరగంట ఆడితే చాలు అన్నాడు. నిన్ను అడగకుండానే వస్తాడని చెప్పేశాను. మనం పరాయివాళ్ళమనే జంకు నాలో అప్పటికీ పోలేదు; కాదంటే ఏమనుకుంటారో అని భయపడ్డాను. నువ్వు ఇరవయ్యో నిమిషంలో కింద పడ్డావు, ఏడు వారాలు మైదానం ఎక్కలేదు. ఆ ఏడు వారాల్లో నువ్వు నన్ను ఒక్క మాట అనకపోవడమే నాకు శిక్ష అయింది. కాబట్టి ఇక మీదట నీ తరఫున నేను ఎవరికీ మాట ఇవ్వను. ఎవరు ఫోన్ చేసినా నీ నంబరే ఇస్తాను.

నువ్వు చేయవలసిన పని ఒక్కటే చెబుతాను. డిసెంబరు దాటకముందే మూడు జట్ల తేదీలనూ, పరీక్షలనూ ఒకే కాగితం మీద రాసి, ఆ కాగితాన్నే మేనేజర్లందరికీ చూపించు. ఒకరికి ఒక మాట, మరొకరికి ఇంకో మాట చెప్పవద్దు. సాధారణంగా ఢీకొనేవి మ్యాచ్‌లు కావు, సాధనలు. మంగళవారం అక్కడ పరుగులు తీసి, బుధవారం ఇక్కడ తీసి, గురువారం మళ్ళీ అక్కడ తీయడంతోనే ఒళ్ళు విరుగుతుంది. మార్చి నుంచి కౌంటీ పోటీలు ముగిసేదాకా సందేహం లేకుండా కౌంటీకే నిన్ను ఇచ్చుకో. ఆ ఎరుపు జెర్సీ అందరికీ దొరికేది కాదు, సగం మనసుతో తొడుక్కునేదీ కాదు. ఆ పోటీలు ముగిసిన రోజు నుంచి రెండు వారాలు హర్లీ ముట్టుకోనని ఆ కాగితం మీదే ఇప్పుడే రాసిపెట్టు. గెలిచినా అంతే, ఓడినా అంతే. క్లబ్ వాళ్ళు గొణుగుతారు, గొణగనివ్వు.

గొణిగినా వాళ్ళు మనవాళ్ళే. నీకు ఆరేళ్ళప్పుడు ఈ ఊళ్ళో అద్దె ఇల్లు తీసుకున్నామే గానీ, ఈ పారిష్, అంటే ఈ చర్చి పరిధిలోని ఊరు, మనదని మనం అనుకోలేదు. శనివారం ఉదయం ఎవరో పిల్లవాడు పొట్టయిపోయిన తన హర్లీని నీ చేతిలో పెట్టిన తరువాతే అలా అనుకున్నాం. నేను అంపైరుగా తెల్లకోటు వేసుకుని గోల్ స్తంభం పక్కన నిలబడి, పాయింటుకు తెల్లజెండా, గోలుకు పచ్చజెండా ఊపడం నేర్చుకున్నదీ అక్కడే. మొదటి రోజు ఒక పెద్దావిడ నన్ను డాక్టరనుకుని మోకాలి నొప్పి గురించి అడిగింది. ఫిజీలో పుట్టి, సిడ్నీ మీదుగా కార్క్‌కు వచ్చిన షాన్ ఓగ్ ఓ హాల్పిన్ 2005లో కార్క్ కెప్టెన్‌గా కప్పు అందుకుని ఐరిష్ భాషలో ప్రసంగించినప్పుడు ఈ కౌంటీ మొత్తం పొంగిపోయిందట. ఆయన కూడా ముందు ‘నా పీర్సీ’ అనే పేరుగల క్లబ్ పిల్లవాడు. ఈ ఆటలో కౌంటీకి మరో దారి లేదు, క్లబ్ గుమ్మం దాటే వెళ్ళాలి.

అందుకని వసంతంలో నువ్వు లేకుండా క్లబ్ లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నప్పుడు, ఆడలేకపోయినా వీలు చిక్కిన ఆదివారం వచ్చి గోడ మీద కూర్చో. నీ స్థానంలో ఆ రోజు ఆడేది పక్కింటి పదిహేడేళ్ళ కుర్రవాడే కావచ్చు. వాడికి రెండు మాటలు చెప్పు, నీళ్ళ సీసాలు మోయి. ఆగస్టులో నువ్వు తిరిగి వచ్చినప్పుడు వాడు బెంచీ మీద కూర్చోవలసి వస్తుంది. ఆ సంగతి గుర్తుంచుకుని వాడితో మసలుకో. కౌంటీ ఆటగాళ్ళు తిరిగి వచ్చే వారంలో డ్రెస్సింగ్ గదిలో ఎలాంటి మౌనం ఉంటుందో నేను తలుపు బయట నిలబడి చాలాసార్లు విన్నాను.

చదువు గురించి రాయమని అమ్మ వెనుక నిలబడి చెబుతున్నది. మే నెల పరీక్షలు ఆ కాగితం మీద ఎర్ర సిరాతో ఉండాలని ఆమె ఆజ్ఞ.

నీ రెండు హర్లీలకూ ఇనుప పట్టీలు మార్పించాను, ఒకదాని పిడికి పట్టు కూడా కొత్తది చుట్టించాను. శుక్రవారం బస్సు దిగగానే ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకువెళతాను. గోంగూర పచ్చడి సీసా ఈసారైనా ఖాళీగా కడిగి తెచ్చేది.

ఇట్లు,
మీ నాన్న