యాత్రికుల సేవ, తీరం శుభ్రత: ఈ ఏడాది మన సంఘం పనుల నివేదిక

సభ్యులందరికీ సలాం, నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా ఒక్క ఆలోచన చుట్టూనే తిరిగింది. కళింగపట్నం దర్గాకి, సముద్రానికి, శ్రీకాకుళంలో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జుమా మసీదుకి బయటి ఊళ్ల నుంచి వచ్చే ముస్లిం కుటుంబాలకి కావలసినవి మనమే ముందుగా అమర్చి పెడితే, చెత్త గురించీ నీళ్ల గురించీ వాళ్లకి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. జమాఖర్చులు రిజిస్టర్‌లో ఉన్నాయి, సర్వసభ్య సమావేశంలో చదువుతాం, ఇక్కడ పనుల సంగతే రాస్తున్నాం.

వచ్చినవాళ్లు అడిగేది పెద్దగా ఏమీ ఉండదు. హలాల్ అని నమ్మి తినగలిగే భోజనం, వజూకి (నమాజుకి ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడానికి) నీళ్లు, ఖిబ్లా (నమాజులో తిరగాల్సిన మక్కా దిక్కు) ఎటో తెలిసే శుభ్రమైన చోటు, ఆడవాళ్లకి కాస్త మరుగు. మలేసియా ఇస్లామిక్ పర్యాటకానికి 2009లోనే ఒక ప్రత్యేక కేంద్రం పెట్టుకుంది, ముస్లిం అతిథులకి హోటళ్లు, ట్రావెల్స్ ఎలా ఉండాలో 2015లో జాతీయ ప్రమాణమే రాసుకుంది. మనకి అంత హంగు లేదు గానీ, ఆ నాలుగూ దొరకనప్పుడు ఏమవుతుందో మాత్రం ఏళ్లుగా చూస్తున్నాం: హోటల్ మీద నమ్మకం లేక ఇంటి నుంచే బిర్యానీ గిన్నెలు, థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ల సీసాల కేసులు కట్టుకుని బస్సు దిగుతారు, తిన్నాక ఆ ప్లేట్లూ సీసాలూ సరుగుడు తోటలోనో వంశధార గట్టునో ఉండిపోతాయి, గట్టిగా ఒక వాన పడితే అన్నీ సముద్రంలోకే. వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే, అయినా అడిగితే ఇప్పటికీ దొరుకుతున్నాయి.

అందుకే భోజనంతో మొదలుపెట్టాం. ముందురోజు ఫోన్ చేసి ఎంతమందో చెబితే మన సభ్యుల ఇళ్లలోనే వండి పెడుతున్నారు, సీతంపేట ఏజెన్సీ నుంచి తెప్పించిన అడ్డాకు విస్తర్లలో వడ్డిస్తున్నారు. లెక్క ముందే తెలుస్తుంది కాబట్టి అన్నం మిగిలి పారబోయడం బాగా తగ్గింది. తినండి, తాగండి, దుబారా మాత్రం చేయకండి అని ఖురాన్‌లోనే ఉంది కదా. వండిపెడుతున్న అక్కచెల్లెళ్ల కష్టానికి ఎంత చెప్పినా తక్కువే.

తాగడానికి సీసాల బదులు మూత ఉన్న పెద్ద క్యాన్లు, స్టీలు గ్లాసులు పెట్టాం. గ్లాసులు పోతాయని కొందరు టెన్షన్ పడ్డారు, కొన్ని పోయాయి కూడా, మళ్లీ కొన్నాం, అంతే. సీసాల చెత్త తగ్గినదాని ముందు అది లెక్కలోది కాదు.

వజూ దగ్గర జరిగిన మార్పు మాకు అన్నింటికంటే తృప్తినిచ్చింది. ట్యాపు ధారగా వదిలేసి వజూ చేసుకోవడం అందరికీ అలవాటు. ప్రవక్త గారు ఒక ముద్ద్ నీటితో, అంటే మన కొలతలో ముప్పావు లీటరుకు అటూ ఇటూగా, వజూ ముగించేవారని హదీసుల్లో ఉంది, పారే నది ఒడ్డున ఉన్నా నీళ్లు వృథా చేయవద్దని కూడా ఉంది. ఇమామ్ సాబ్ ఒక జుమా బయాన్‌లో (శుక్రవారం ప్రసంగంలో) ఈ రెండూ చెప్పారు. ఆ తర్వాత ట్యాపుల పక్కన చెంబులు పెట్టాం. ఒకరోజు ఒక పెద్దాయన మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని, చెంబులోంచి కొద్దికొద్దిగా వంచుతూ, మోచేతుల దాకా ఎలా తడపాలో చూపిస్తుంటే, "దాదా, ఇంకా సగం చెంబు ఉండిపోయింది" అన్నాడు వాడు. ఆ సగంతోనే వాడి వజూ కూడా అయిపోయింది. వాడిన నీళ్లు చిన్న కాలువ గుండా వెనక ఉన్న అరటి మొక్కలకి వెళ్తున్నాయి.

ఇక తాబేళ్లు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి, పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ పిల్లలు వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు పాకుతాయి, అంటే మన సెల్ టార్చీ, బస్సు హెడ్‌లైటు వాటిని సముద్రానికి కాకుండా రోడ్డు వైపు లాగేస్తాయి. తేలే ప్లాస్టిక్ కవర్‌ని జెల్లీచేప అనుకుని పెద్ద తాబేళ్లు మింగేస్తాయి. అందుకని ఆ నెలల్లో అతిథుల్ని మగ్రిబ్ (సూర్యాస్తమయం నమాజు) వేళకి ఇసుక మీద నుంచి నమాజు చోటికి తీసుకొచ్చేస్తున్నాం, కారణం చెబితే పిల్లలే ముందు ఫోన్ లైట్లు ఆపేస్తున్నారు. పొద్దున్న ఇసుకలో ట్రాక్టర్ చక్రం నడిచినట్టు తాబేలు జాడ కనిపిస్తే దూరం నుంచే చూపిస్తున్నాం, గూడు దగ్గరికి ఎవరినీ పోనివ్వడం లేదు.

కానివి కూడా ఉన్నాయి. దర్గాలో సమాధి మీద కప్పే పూల చాదర్లు, అగరుబత్తీలు ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే అమ్ముతున్నారు. దుకాణాల వాళ్లతో మాట్లాడాం, వెదురు బుట్టలకి కొందరు ఒప్పుకున్నారు, మిగతావాళ్లు ఉరుసు రద్దీలో కుదరదంటున్నారు, వాళ్ల ఇబ్బంది కూడా నిజమే కాబట్టి బుట్టలు సంఘమే కొని అద్దె లేకుండా ఇవ్వాలన్నది మా ప్రతిపాదన. ఆడవాళ్ల నమాజు చోటుకి ఇప్పటికీ గుడ్డ తెరే ఉంది, సముద్రపు గాలికి నిలవడం లేదు. గోడ కడదామా, తడికలు సరిపోతాయా అన్నది సమావేశంలో తేల్చాలి. తాబేళ్ల సీజన్‌లో సాయంత్రాలు తీరం దగ్గర ఉండగలిగేవాళ్లు డిసెంబరులోపు పేర్లు ఇవ్వండి, కళింగపట్నం చుట్టుపక్కల ఉండేవాళ్లయితే మరీ మంచిది.