నాలుగో నెల రివ్యూ ఎవరు రాస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

గేములు ఆడేవాళ్లు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్, అంటే కళ్లకి కట్టుకుంటే ఆట లోపలే ఉన్నట్టు చూపించే పరికరం, కొనుక్కోవచ్చా అంటూ మీ పత్రిక టెక్నాలజీ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. నిస్సంకోచంగా కొనుక్కోవచ్చని తేల్చారు. వారం రోజులు వాడి చూసి రాస్తున్నానని రాసినాయన నిజాయితీగానే చెప్పారు. చిక్కంతా ఆ వారం దగ్గరే ఉంది. నాకు హెడ్‌సెట్‌తో మూడేళ్ల కాపురం. మొదటి వారం ఎవరైనా మురిసిపోతారు, నేనూ మురిసిపోయాను. నాలుగో నెలలో అది ఎక్కడుందో అడగాలి. మా ఇంట్లో అయితే బీరువా మీద, పాత సూట్‌కేసుకీ గొడుగుకీ మధ్య ఉంది.

ఆ మొదటి వారం అబద్ధమని అనను. మా నాన్నకి ఎత్తైన మేడ అంచున చెక్క పలక మీద నడిచే గేమ్ పెట్టాం. కాళ్ల కింద ఉన్నది మా హాలు గచ్చేనని ఆయనకి తెలుసు. తెలిసీ గోడ పట్టుకుని వదల్లేదు. ఎంత పెద్ద టీవీ కొన్నా మనిషికి అలాంటి భయం పుట్టదు. కళ్లముందు బొమ్మ ఆడటం వేరు, బొమ్మలో మనం ఉండటం వేరు. ఈ మాయకి ఎవరైనా పడిపోతారు.

మాయ దిగేది ఎక్కడో చెబుతాను. ఆడాలంటే ముందు టీపాయ్ జరపాలి. నిలబడి తిరిగే గేములకి రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. తర్వాత దేనికీ గుద్దుకోకుండా, హెడ్‌సెట్‌లో చూస్తూ నేల మీద హద్దు గీసుకోవాలి. చేత్తో పట్టుకునే కంట్రోలర్ బ్యాటరీ చూసుకోవాలి. నాలుగు రోజులు ముట్టకపోతే అప్‌డేట్ ఒకటి కాచుకుని ఉంటుంది. లెన్సులు తుడవాలి, పెట్టుకున్నాక చెమటకి మసకబారితే మళ్లీ తుడవాలి. ఆఫీసు నుంచి వచ్చి ఓ అరగంట ఆడదామనుకున్నవాడికి ఈ తతంగానికే పావుగంట పోతుంది. ఫోన్‌లో గేమ్ అయితే క్యూలో నిలబడి కూడా ఆడేస్తాం. సాయంత్రం ఆరున్నరకి సోఫాలో కూలబడినప్పుడు ఆ అర కిలో బరువు తలకెత్తుకుందామని నిజంగా అనిపిస్తుందా? ఇది నేను అక్షరాలా అంటున్నాను. మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, సోనీవాళ్ల ప్లేస్టేషన్ వీఆర్2 ఇంకో 45 గ్రాములు ఎక్కువ. అరగంట తర్వాత తీస్తే నుదుటి మీద ఎర్రటి అచ్చు.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి కూడా ఉంది. టీవీ ముందు ఒకడు ఆడుతుంటే ఇద్దరు పక్కన కూర్చుని సలహాలిస్తారు, తిడతారు, నాకిమ్మని లాక్కుంటారు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాడు ఒంటరి. అందులో కనిపించేది టీవీకి పంపే వీలుందిగానీ రోజూ ఎవరు పెడతారు? చూసేవాళ్లకి కనిపించేది గాల్లో చేతులు ఊపుతున్న మనిషి. మా అక్క కొడుకు అలా ఊపే టీవీ పక్కనున్న పూలకుండీని చిత్తు చేశాడు.

తల తిరగడం గురించి మీ వ్యాసం ఒక్క వాక్యంతో దాటేసింది. నాకైతే అసలు విషయం అదే. గేమ్‌లో మనం పరిగెడుతుంటాం, హాల్లో మాత్రం నిలబడే ఉంటాం. పరిగెడుతున్నావని కళ్లు చెబుతాయి. కదలనే లేదని లోపలి చెవి చెబుతుంది. ఈ పేచీ తెగక కడుపులో తిప్పుతుంది. బస్సులో పుస్తకం చదివితే వచ్చే వికారాన్ని తిరగేస్తే ఇదే. అక్కడ ఒళ్లు కదులుతుంది, పేజీ కదలదు. కంపెనీలు తెరని సెకనుకి 72, 90, 120 సార్లు మారేలా చేసి ఈ బాధని చాలావరకు తగ్గించిన మాట నిజం. పరిగెత్తే బదులు చూపించిన చోటికి ఒక్క గంతులో చేరే ఏర్పాటు కూడా చాలా గేముల్లో ఉంటుంది. అయినా ఎవరి ఒళ్లు వాళ్లది. మా తమ్ముడు గంటసేపు విమానం నడిపి, దిగి, నేరుగా భోజనానికి కూర్చుంటాడు. నాకు పది నిమిషాలకే చల్లటి చెమట పట్టి, ఆ పూటంతా కడుపులో దేవినట్టుండేది. ఓర్చుకుంటే అలవాటవుతుందన్నారు. ఓర్చుకున్నకొద్దీ ముదిరింది. వికారం మొదలవగానే తీసేసి, మర్నాడు మళ్లీ కాసేపు ఆడాలని ఆలస్యంగా తెలిసింది. అప్పటికి ఆ వస్తువు వాసన తగిలితేనే నాకు తిప్పడం మొదలైంది.

కళ్ల మధ్య దూరం ఇంకో తంటా. పెద్దవాళ్లలో రెండు కనుపాపల నడుమ సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ మనిషికీ మనిషికీ తేడా. క్వెస్ట్ 2లో లెన్సుల్ని 58, 63, 68 అనే మూడు స్థానాల్లోనే పెట్టుకోగలం. వాటి నడుమ పడ్డవాళ్లకి అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తే వాళ్ల తప్పేం లేదు. చెప్పులైతే షాపులో తొడుక్కుని నాలుగడుగులు వేసి కొంటాం. దీన్ని మాత్రం బాక్సు మీద బొమ్మ చూసి కొనేస్తున్నాం.

ఇక గేములు. ఈ రంగంలో మేటి గేమ్ ఏదని అడిగితే ఇప్పటికీ చాలామంది చెప్పే పేరు హాఫ్-లైఫ్: అలిక్స్. అది వచ్చింది 2020 మార్చిలో. పైగా దానికి మంచి కంప్యూటర్ కూడా ఉండాలి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ నెలనెలా చేసే సర్వేలో వీఆర్ హెడ్‌సెట్ ఉన్నవాళ్లు నూటికి ఇద్దరి దగ్గరే ఏళ్ల తరబడి తచ్చాడుతున్నారు. కొనేవాళ్లు తక్కువ కాబట్టి పెద్ద గేములు చేసేవాళ్లు రారు, అవి రావు కాబట్టి కొనేవాళ్లు పెరగరు. సోనీ 2023 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ వీఆర్2 విడుదల చేసి, తనకోసం వీఆర్ గేములు చేసిన లండన్ స్టూడియోని మరుసటి ఏడాదే మూసేసింది. పాత ప్లేస్టేషన్ వీఆర్ కోసం కొన్న డిస్కులు, ఆ గేమ్ చేసినవాళ్లు దయతలచి మార్చి ఇస్తే తప్ప, కొత్తదాంట్లో పనిచేయవు.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది ఇందుకే. హెడ్‌సెట్ వస్తువుగా కనిపిస్తుందిగానీ దాని ప్రాణం కంపెనీ సర్వర్లో ఉంటుంది. 2017 నుంచి చాలా కంపెనీలు విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ పేరుతో హెడ్‌సెట్లు అమ్మాయి. వాటిని నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌ని ఎత్తేస్తున్నట్టు 2023 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2024లో వచ్చిన విండోస్ 11 అప్‌డేట్‌లో అది లేదు. లెన్సు పగల్లేదు, తీగ తెగలేదు, అయినా ఆ అప్‌డేట్ పడ్డాక హెడ్‌సెట్ పలకడం మానేసింది. మెటావాళ్ల క్వెస్ట్‌లలో మొదటిదైన ఓక్యులస్ క్వెస్ట్ 2019 మేలో వచ్చింది. ఇకపై కొత్త సదుపాయాలు ఇవ్వబోమని 2023 జనవరిలోనే చెప్పేశారు. నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇంట్లో మిక్సీ అంతకంటే ఎక్కువ కాలం నడుస్తుంది. ఎకో వీఆర్ అనే ఆటకి ప్రాణమిచ్చే జనం ఉండేవారు. 2023 ఆగస్టు 1న సర్వర్లు ఆపేశారు, ఆట మాయమైంది. నా హెడ్‌సెట్‌కి కూడా కొత్త గేములు రావడం ఆగిపోయింది. కంపెనీ పేరు ఎందుకులెండి, అందరిదీ అదే దారి.

నా హెడ్‌సెట్ పాడవడంలో నా పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. ఓ మధ్యాహ్నం కిటికీ పక్కన పెట్టి మర్చిపోయాను. లెన్సులు భూతద్దాల్లా ఎండని లోపలి తెర మీద గుచ్చాయి. ఇప్పుడు పెట్టుకుంటే ఎడమ కంటికి ఏ ఆకాశంలో అయినా ఒక పసుపు చుక్క కనిపిస్తుంది. మాన్యువల్లో హెచ్చరిక ఉంది. నేను చదవలేదు.

మరి ఎవరూ కొనకూడదా? మా తమ్ముడు కొనుక్కుంటే సబబే. వాడికి ముందే స్టీరింగు, పెడల్సు ఉన్నాయి, కూర్చుని ఆడే కారు, విమానం గేములంటే పిచ్చి. మలుపులో తల తిప్పి పక్క అద్దంలోకి చూడటం ఏ టీవీలోనూ కుదరదు. బీట్ సేబర్ లాంటి, పాట తాళానికి తగ్గట్టు చేతులు ఊపే గేమ్‌ని వ్యాయామంగా రోజూ ఆడేవాళ్లకీ గిట్టుబాటవుతుంది. అందులో నిలబడ్డ చోటు నుంచి కదలం కాబట్టి తల తిరగడం కూడా తక్కువ. ఈ రెండు కోవల్లో లేనివాళ్లు ముందు ఎవరిదైనా ఓ నెల అరువు తెచ్చుకోండి. నెలాఖరుకి మీ అంతట మీరే చేతిలోకి తీసుకుంటున్నారా లేక ఇంటికొచ్చినవాళ్లకి చూపించడానికే తీస్తున్నారా అన్నది చూసుకుంటే చాలు.

ప్రభుత్వాలూ వినియోగదారుల సంఘాలూ పట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. మందు సీసా మీద గడువు తేదీ వేయిస్తున్నాం. హెడ్‌సెట్ బాక్సు మీద కూడా, ఏ సంవత్సరం వరకు సాఫ్ట్‌వేర్ మద్దతు ఇస్తారో అచ్చేయించాలి. ఆ గడువులోపు మానేస్తే డబ్బు వెనక్కివ్వాలి. ఒంటికి పడనివాళ్లు రెండు వారాల్లో తిరిగి ఇచ్చేసే హక్కు కూడా ఉండాలి. సీల్ తీశారు కాబట్టి తీసుకోం అంటే, సీల్ తీయకుండా తల తిరుగుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఆ వ్యాసం రాసినాయన దగ్గర ఆ హెడ్‌సెట్ ఇంకా ఉంటే, నాలుగు నెలలు పోయాక మళ్లీ రాయమనండి. కంపెనీవాళ్లు వెనక్కి తీసేసుకుని ఉంటే నాది పంపిస్తాను. పసుపు చుక్క సంగతి ముందే చెప్పాను కదా.

ఇట్లు,
మీ పాఠకుడు