ఐడీ బ్లాక్ అయితే ఎవరిని అడగాలి?

సంపాదకులకు,

బెంగళూరు మారతహళ్లిలో మా పై అంతస్తు గదిలో ముగ్గురు మదనపల్లె కుర్రాళ్లు ఉంటారు. ముగ్గురూ బైకు మీద డెలివరీలు చేసేవాళ్లే. పోయిన నెల వానలో ఒకడు సిల్క్ బోర్డు దగ్గర జారిపడ్డాడు. మోకాలు చీరుకుపోయినా ముందు పార్సిల్ చూసుకున్నాడట, కుంటుకుంటూనే ఇచ్చి వచ్చాడు. లేటయిందని కస్టమర్ ఒక్క స్టార్ ఇచ్చాడు. రెండు రోజులకు యాప్‌లో వాడి ఐడీ బ్లాక్, అంటే ఇక ఆర్డర్లు రావు! ఎందుకని అడుగుదామంటే అవతల మనిషే లేడు. యాప్‌లో ఎన్నిసార్లు రాసినా ‘మీ ఫిర్యాదు అందింది’ అన్న ఒకటే జవాబు. బండి ఈఎంఐ మాత్రం ఐదో తారీకున ఠంచనుగా కట్ అయింది.

కర్ణాటకలో 2025లో గిగ్ కార్మికుల, అంటే ఇలా యాప్‌ల ద్వారా పని చేసేవాళ్ల చట్టం వచ్చింది. పనిలోంచి తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, 14 రోజుల ముందు నోటీసివ్వాలి. కార్మికుడికి ఇచ్చే ప్రతి చెల్లింపు మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము కంపెనీ కట్టాలి. ‘బ్లాక్’ అంటే తీసేయడం కాదని వాదిస్తారేమో, ఆ తెలివికి తక్కువ లేదు.

ఈ సంగతులేవీ ఆ ముగ్గురికీ తెలియవు. కన్నడం మాట్లాడతారు గానీ చదవలేరు. కార్మిక శాఖవారు ఈ నిబంధనలను తెలుగులో, తమిళంలో, హిందీలో కూడా అచ్చువేసి, కుర్రాళ్లు ఆర్డర్ల కోసం బండ్లు ఆపుకునే చోట్ల అంటించాలి. ఫిర్యాదు నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఫోనెత్తేది మనిషై ఉండాలి.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు